ఫోరెన్సిక్ సైన్స్‌కు దొరకని హంతకుడు ఉంటాడా?

ఉంటాడు. ఇప్పటికీ ఉన్నారు. అయితే వాళ్ళు తప్పించుకునే దారి చాలామంది ఊహించుకునే దారి కాదు. చేతులకు గ్లవ్స్ వేసుకుని, నేల తుడిచి, ఆనవాళ్ళన్నీ మాయం చేసి, ల్యాబ్‌లో కూర్చున్న నిపుణుణ్ణి తన తెలివితో ఓడించే హంతకుడు కథల్లో కనిపించినంతగా బయట కనిపించడు. బయట ఏళ్ళ తరబడి దొరకకుండా తిరిగిన హంతకుల కేసులు తీసి చూస్తే, చాలావాటిలో ల్యాబ్ ఓడిపోయింది లేదు. అసలు ల్యాబ్‌కు పని అప్పగించినవాళ్ళే లేరు.

ఈ విషయం గురించి ఆలోచించేటప్పుడు మొదట ఒక చిక్కును గుర్తించాలి. మనకు తెలిసిన కేసులన్నీ బయటపడినవే. హత్య అని ఎవరూ పోల్చుకోని హత్య ఏ రికార్డులోనూ హత్యగా ఉండదు. గుండెపోటుగానో, ప్రమాదంగానో, ఆత్మహత్యగానో, ముసలితనంతో వచ్చిన మరణంగానో నమోదై ఉంటుంది. కాబట్టి ఎంతమంది హంతకులు తప్పించుకున్నారో లెక్క తీయడం ఎవరివల్లా కాదు. కాకపోతే కొన్ని కేసులు చాలా ఏళ్ళ తర్వాత, ఏదో ఒక కారణంతో తెరుచుకుంటాయి. అన్నేళ్ళూ ఆ హంతకుడు ఎలా బయట ఉన్నాడో అప్పుడు తెలుస్తుంది. ఈ ప్రశ్నకు అసలైన ఆధారాలు ఆ కేసులే.

ముందు సైన్స్ బలం ఎంతో చూడాలి, ఎందుకంటే అది నిజంగానే గొప్పది. 1910లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఎడ్మండ్ లొకార్డ్ ఒక చిన్న పోలీసు ల్యాబ్ మొదలుపెట్టాడు. ఆయన పేరు మీద నిలిచిపోయిన సూత్రం ఒకటుంది: ఇద్దరు మనుషులు తాకినా, మనిషి ఒక చోటును తాకినా, ఇటునుంచి అటు ఏదో చేరుతుంది, అటునుంచి ఇటు ఏదో అంటుకుంటుంది. ఆ రోజుల్లో అది దుమ్ము, వెంట్రుక, దారప్పోగు. 1984 సెప్టెంబరు 10న ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏతో మనిషిని గుర్తించవచ్చని కనుక్కున్నాక లెక్క మారిపోయింది. మొదట్లో ఆ పరీక్షకు కంటికి బాగా కనిపించేంత రక్తపు మరక కావాలి. మనిషి కణం ఒక్కదాంట్లో ఉండే డీఎన్‌ఏ బరువు ఆరు పికోగ్రాముల పైచిలుకు, అంటే గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఆరో ఏడో. ఇప్పుడు వంద నూట యాభై కణాలు దొరికితే పూర్తి ప్రొఫైల్ తీయవచ్చు, ఒక్కోసారి అంతకన్నా తక్కువతో కూడా. అన్ని కణాలు రాలకుండా ఒక గదిలో మనిషి మీద దాడి చేయడం దాదాపు అసాధ్యం.

అంతకన్నా పెద్ద మార్పు కాలానికి సంబంధించింది. పూర్వం రోజులు గడిచేకొద్దీ హంతకుడికి ధైర్యం పెరిగేది. సాక్షులు మరిచిపోతారు, చనిపోతారు, ఫైళ్ళు మూలపడతాయి. ఇప్పుడు సరిగ్గా దాచిన నమూనా ఒకటి ఉంటే, గడిచే ప్రతి ఏడూ అతనికి ఎదురు తిరగవచ్చు. కాలిఫోర్నియాలో 1970లలో, 80లలో 13 మందిని చంపి, ఎన్నో అత్యాచారాలు చేసిన జోసెఫ్ జేమ్స్ డియాంజెలో చివరి హత్య జరిగింది 1986లో. అతను పోలీసు ఉద్యోగం చేసినవాడు. ఆధారాలు ఎలా సేకరిస్తారో దగ్గరనుంచి చూసినవాడు. ఏ డేటాబేసులోనూ అతని డీఎన్‌ఏ లేదు. 2018 ఏప్రిల్‌లో అతన్ని పట్టించింది ఎన్నడూ చూడని దూరపు చుట్టాలు. వాళ్ళు తమ వంశవృక్షం తెలుసుకోవాలని సరదాగా ఇచ్చిన డీఎన్‌ఏతో నేరస్థలాల నమూనాను పోల్చి, ముత్తాతల తరందాకా వెనక్కి వెళ్ళి, అక్కడినుంచి ఒక్కో కొమ్మా దిగుతూ దర్యాప్తుదారులు అతని ఇంటికి చేరారు. అదే 2018లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, యూరోపియన్ మూలాలున్న అమెరికన్లలో సుమారు 60 శాతం మందికి అలాంటి డేటాబేసులో మూడో తరం కజిన్ స్థాయి చుట్టమో, అంతకన్నా దగ్గరి చుట్టమో దొరుకుతారు. అంటే నేరస్తుడు తన డీఎన్‌ఏను దాచుకుంటే సరిపోదు, తన చుట్టాలందరి డీఎన్‌ఏనూ దాచాలి. అది ఎవరి చేతిలోనూ ఉండే పని కాదు.

హంతకుడు తన కాలంలో ఉన్న సైన్స్‌ను చూసి మాత్రమే జాగ్రత్తపడగలడు. ముప్పై ఏళ్ళ తర్వాత రాబోయే పరీక్షకు ఎవరూ ముందే సిద్ధం కాలేరు. డియాంజెలో విషయంలో జరిగింది అదే.

చదువు కాపాడుతుందా అంటే, అదీ లేదు. 2022 నవంబరులో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో నలుగురు విద్యార్థులను కత్తితో పొడిచి చంపిన బ్రయన్ కోబర్గర్ నేరశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నవాడు. కత్తి ఒరను మంచం మీద వదిలేశాడు, దాని బటన్ మీద అతని డీఎన్‌ఏ దొరికింది. హత్యలు జరిగిన సమయానికి అటూ ఇటూ కలిపి సుమారు రెండు గంటలపాటు అతని ఫోన్ నెట్‌వర్క్‌లో కనిపించలేదు. దర్యాప్తులో ఆ కనిపించకపోవడమే అతనికి వ్యతిరేకంగా ఒక ఆధారమైంది. 2025 జులైలో నేరం ఒప్పుకున్నాడు. సాక్ష్యాన్ని చెరపబోతే ఆ చెరిపిన గుర్తు ఇంకో సాక్ష్యమవడం డిజిటల్ కాలం తెచ్చిన కొత్త సంగతి. కనెక్టికట్‌లో 2015లో ఒక భర్త, ఇంట్లోకి చొరబడ్డ ఎవడో తన భార్యను చంపాడని కథ చెప్పాడు. అతను చెప్పిన సమయం దాటాక కూడా ఆమె ఇంట్లో నడుస్తూనే ఉందని ఆమె ఒంటి మీదున్న, అడుగులు లెక్కపెట్టే ఫిట్‌బిట్ పరికరం చూపించింది. 2022లో శిక్ష పడింది.

ఇంతవరకూ చదివితే హంతకులకు రోజులు చెల్లాయనిపిస్తుంది. కానీ ఒక అంకె ఆ మాటకు అడ్డం వస్తుంది. అమెరికాలో 1960లలో నమోదైన హత్యల్లో సుమారు 90 శాతం కేసులను ఛేదించినట్టు పోలీసులు లెక్క చూపేవారు. డీఎన్‌ఏ, సీసీ కెమెరాలు, సెల్‌ఫోన్ టవర్లు ఏవీ లేని రోజులవి. అవన్నీ వచ్చాక, 2020 తర్వాతి ఏళ్ళలో అది సుమారు సగానికి పడిపోయింది. 1960ల నాటి అరెస్టుల్లో కొన్ని తొందరపాటువే కావచ్చు, కాబట్టి ఆ 90ని పూర్తిగా నమ్మలేం. అయినా ఇంత తేడాకు అదొక్కటే కారణం కాదు. ముఖపరిచయం లేనివాళ్ళు తుపాకీతో దూరంనుంచి కాల్చే హత్యలు పెరిగాయి. అక్కడ తాకిడే లేదు, లొకార్డ్ సూత్రానికి పెద్దగా పని లేదు. చాలా చోట్ల సాక్షులకు పోలీసుల మీద నమ్మకం పోయి నోరు విప్పడం మానేశారు. ఒక్కో డిటెక్టివ్ నెత్తిన పడే కేసులు ఎక్కువయ్యాయి. పరికరాలు మెరుగుపడినంత మాత్రాన హంతకులు దొరకరు. ఆ పరికరాలను వాడే మనుషులు, సమయం, ఆసక్తి, అన్నీ కలిసి రావాలి.

జపాన్ పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. అక్కడ నమోదైన హత్యల్లో 95 శాతానికి పైగా ఛేదించినట్టు లెక్కలు చెబుతాయి. చూడగానే ముచ్చటేస్తుంది. కానీ ఆ దేశంలో పోలీసుల దృష్టికి వచ్చిన మరణాల్లో పోస్టుమార్టం జరిగేవి చాలా ఏళ్ళుగా పదింట ఒకటి స్థాయిలోనే ఉన్నాయి. దాదాపు అందరినీ దహనం చేస్తారు. 2013 డిసెంబరులో క్యోటో ప్రాంతంలో 75 ఏళ్ళ పెద్దాయన పెళ్ళయిన కొద్ది వారాలకే చనిపోతే, రక్తంలో సయనైడ్ బయటపడింది. భార్య చిసాకో కకేహి గతం తవ్వితే, ఆమెతో బంధం ఉన్న మగవాళ్ళు అంతకుముందు కూడా కొందరు పోయారని, ఆ మరణాలు జబ్బులుగా నమోదయ్యాయని తెలిసింది. మూడు హత్యలు, ఒక హత్యాయత్నం రుజువై 2017లో ఆమెకు మరణశిక్ష పడింది. సయనైడ్ అరుదైన విషం కాదు, ల్యాబ్‌కు కొత్తదీ కాదు. వెతికితే దొరుకుతుంది. తొలి మరణాల దగ్గర వెతకలేదు, అంతే. 95 శాతం అనే అంకె హత్యలుగా గుర్తించినవాటికే వర్తిస్తుంది, గుర్తించనివాటి గురించి అది ఏమీ చెప్పదు.

ఈ విషయం అన్నిటికన్నా స్పష్టంగా, అన్నిటికన్నా బాధగా కనిపించేది హరాల్డ్ షిప్‌మన్ కేసులో. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ పక్కన హైడ్ అనే ఊళ్ళో ఫ్యామిలీ డాక్టర్. రోగులకు ఓపిగ్గా సమయమిచ్చే మంచి డాక్టరని పేరు. తర్వాత జరిగిన ప్రభుత్వ విచారణలో న్యాయమూర్తి జానెట్ స్మిత్ తేల్చినదాని ప్రకారం అతని చేతిలో చనిపోయినవాళ్ళు కనీసం 215 మంది. మొత్తం 250 దాకా ఉండవచ్చని చివరి అంచనా. హత్యలు 1975లో మొదలై 1998 దాకా సాగాయి. ఎక్కువమంది ఒంటరిగా ఉండే వృద్ధ మహిళలు. వాడింది డయామార్ఫిన్ అనే, నొప్పి తగ్గించే బలమైన మత్తుమందు. శరీరంలో అది మార్ఫిన్‌గా మారుతుంది, పూడ్చిన శవంలో కూడా నెలల తర్వాత దొరుకుతుంది. శరీరంలో విషాలను వెతికే టాక్సికాలజీ నిపుణులకు బాగా తెలిసిన మందుల్లో అదొకటి. అంటే ఇతను ఫోరెన్సిక్ సైన్స్‌ను మోసగించిన మేధావి కాదు. తేలిగ్గా దొరికిపోయే మందుతోనే ఇరవై ఏళ్ళకు పైగా చంపుతూ పోయాడు.

ఎలా కుదిరింది? చంపినవాడూ, మరణానికి కారణం రాసిచ్చినవాడూ ఒక్కడే కాబట్టి. ముసలావిడ పోయింది, డాక్టర్ వచ్చాడు, గుండెపోటని సర్టిఫికెట్ రాశాడు, అక్కడితో సరి. అలా రాశాక పోస్టుమార్టం ఉండదు, ల్యాబ్‌కు నమూనా వెళ్ళదు. దహనానికి రెండో డాక్టర్ సంతకం కావాలనే నియమం ఉండేది గానీ, ఆ రెండో డాక్టర్ తోటి డాక్టర్ మాట నమ్మి సంతకం పెట్టేవాడు. ఊళ్ళో అనుమానం రాలేదా అంటే, వచ్చింది. తన ముసలి కస్టమర్లు ఒకరొకరే పోతున్నారని, అందరి డాక్టరూ ఒకడేనని ఒక టాక్సీ డ్రైవర్ గమనించాడు. అంత్యక్రియలు జరిపించే కుటుంబం ఒకటి, ఈ డాక్టర్ రోగులు చాలామంది శుభ్రంగా బట్టలు కట్టుకుని కుర్చీలో కూర్చున్నట్టే పోయి కనిపిస్తున్నారని గమనించింది. 1998 మార్చిలో పక్క క్లినిక్ డాక్టరొకరు ధైర్యం చేసి, మరణాలు మరీ ఎక్కువగా ఉన్నాయని అధికారికి చెప్పారు. పోలీసులు పైపైన విచారించి ఏమీ లేదని ముగించారు. ఆ తర్వాత అతను మరో ముగ్గురిని చంపాడు. టాక్సీ డ్రైవర్ గమనించిన సంగతిని ఒక వ్యవస్థ గమనించలేకపోయిందంటే, లోపం సైన్స్‌లో లేదు.

అతన్ని చివరికి పట్టించింది అత్యాశ. 81 ఏళ్ళ ఆవిడ ఒకరిని చంపి, ఆస్తి తనకే రాసినట్టు దొంగ వీలునామా టైపు చేశాడు. ఆవిడ కూతురు లాయర్. తల్లి అలా రాయదని ఆమెకు తెలుసు. 1998 ఆగస్టులో సమాధి తవ్వి శవాన్ని పరీక్షిస్తే మార్ఫిన్ దొరికింది. ఆవిడకు మత్తుమందు అలవాటుందని నమ్మించడానికి అతను కంప్యూటర్‌లో పాత తేదీలతో ఎంట్రీలు రాస్తే, అవి నిజంగా ఎప్పుడు టైపు చేశాడో కంప్యూటరే చూపించింది. 2000 జనవరిలో 15 హత్యలకు శిక్ష పడింది. ప్రశ్న అడిగిన మరుక్షణం సైన్స్ జవాబిచ్చింది. ఆ ప్రశ్న అడగడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది. దహనమైపోయినవాళ్ళ విషయంలో అడిగినా ఇక జవాబు రాదు.

ఆసుపత్రి హంతకుల కేసుల్లో ఇదే తీరు కనిపిస్తుంది. జర్మనీలో నీల్స్ హోగెల్ అనే నర్సుకు 2019లో 85 హత్యలకు శిక్ష పడింది. ఐసీయూలో చావు ఎవరినీ ఆశ్చర్యపరచదు. చావు ఎక్కడ మామూలో, అక్కడ హత్యకు చాటు దొరుకుతుంది.

ఎవరి చావు ఎవరికీ పట్టదో, అక్కడా దొరుకుతుంది. ఇది చెప్పుకోవడానికి కష్టమైన నిజం. శామ్యూల్ లిటిల్ అనే అమెరికన్ 1970 నుంచి 2005 దాకా 93 మందిని గొంతు నులిమి చంపానని ఒప్పుకున్నాడు. వాటిలో కనీసం 50 నిజమని 2019 నాటికి ఎఫ్‌బీఐ నిర్ధారించింది. అతను ఎంచుకున్నది ఎక్కువగా నల్లజాతి స్త్రీలను, వ్యసనాల్లో చిక్కుకున్నవాళ్ళను, వీధుల్లో ఒళ్ళమ్ముకుని బతికేవాళ్ళను. వాళ్ళ మరణాల్లో చాలావాటిని మత్తుమందు ఎక్కువై పోయారనో, ప్రమాదమనో, కారణం తేలలేదనో రాసి మూసేశారని ఎఫ్‌బీఐ స్వయంగా చెప్పింది. సియాటిల్ ప్రాంతంలో 49 హత్యలకు శిక్ష పడిన గ్యారీ రిడ్జ్‌వే కూడా ఇలాంటి స్త్రీలనే, ఇంటినుంచి పారిపోయిన ఆడపిల్లలనే వెతికి చంపాడు. అయితే అతని కేసులో ఒక మంచి పని జరిగింది. 1987లో అనుమానం మీద తీసుకున్న అతని లాలాజల నమూనాను పారేయకుండా దాచారు. అప్పటి పరీక్షలకు అది చాలలేదు, 2001లో చాలింది. ఎవరూ అడగని మనుషుల తరఫున పద్నాలుగేళ్ళపాటు ఒక నమూనాను భద్రంగా ఉంచిన ఆ శ్రద్ధను ఏ కొత్త యంత్రానికన్నా తక్కువగా చూడకూడదు.

హంతకుడు తప్పించుకునే ఇంకో దారి ఉంది, దాని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. తప్పు మనిషి జైలుకెళ్ళిన ప్రతిసారీ అసలు హంతకుడు తప్పించుకున్నట్టే. అతని కోసం వెతకడం కూడా ఆగిపోతుంది కాబట్టి, అతనికి అంతకన్నా క్షేమమైన చోటు లేదు. ఈ పాపంలో ఫోరెన్సిక్ నిపుణులకూ భాగముంది. మైక్రోస్కోపు కింద వెంట్రుకలను పోల్చి చూసి కోర్టులో ఎఫ్‌బీఐ నిపుణులు చెప్పిన సాక్ష్యాలను సమీక్షిస్తే, పరిశీలించిన కేసుల్లో 90 శాతానికి పైగా శాస్త్రం అనుమతించని మాటలు ఉన్నాయని 2015లో ఎఫ్‌బీఐ ఒప్పుకుంది. వాటిలో మరణశిక్ష కేసులు కూడా ఉన్నాయి. పంటిగాట్లను బట్టి మనిషిని గుర్తించడానికి శాస్త్రీయమైన పునాది లేదని 2016లో అమెరికా అధ్యక్షుడి సైన్స్ సలహా మండలి తేల్చింది. బ్రిటన్‌లో 1999లో టీవీ యాంకర్ జిల్ డాండో హత్య జరిగితే, కోటు జేబులో దొరికిన ఒకే ఒక్క తుపాకీ మందు రేణువు ముఖ్య సాక్ష్యంగా ఒకరికి శిక్ష పడింది. ఆ రేణువు ఎక్కడినుంచైనా వచ్చి ఉండవచ్చని తేలి, 2008లో అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. హంతకుడెవరో ఇప్పటికీ తెలియదు.

డీఎన్‌ఏ కూడా దీనికి మినహాయింపు కాదు. పరీక్ష ఎంత సున్నితమైతే పొరపాటుకు అంత చోటు ఉంటుంది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో సుమారు 40 నేరస్థలాల్లో ఒకే మహిళ డీఎన్‌ఏ దొరుకుతుంటే పోలీసులు ఏళ్ళపాటు ఆమె కోసం గాలించారు. 2007లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో జరిగిన పోలీసు అధికారిణి హత్య కూడా వాటిలో ఉంది. 2009లో తెలిసిందేమిటంటే, ఆ డీఎన్‌ఏ నమూనాలు తీసే దూదిపుల్లలను ప్యాక్ చేసిన ఫ్యాక్టరీ ఉద్యోగినిది. పోలీసులు లేని మనిషి వెంట పడుతున్నంతకాలం అసలు హంతకులు తమ దారిన తామున్నారు. కాలిఫోర్నియాలో 2012లో ఒక హతుడి గోళ్ళ కింద దొరికిన డీఎన్‌ఏ వల్ల ఒకతను నెలల తరబడి జైల్లో ఉన్నాడు. హత్య సమయంలో అతను ఆసుపత్రిలో ఉన్నాడు. ముందు అతనికి వైద్యం చేసిన అంబులెన్స్ సిబ్బందే తర్వాత హత్య జరిగిన ఇంటికి వెళ్ళడంతో అతని కణాలు అక్కడికి చేరాయి. డీఎన్‌ఏ అది ఎవరిదో చెబుతుంది. అక్కడికి ఎలా చేరిందో చెప్పదు.

హంతకుణ్ణి గుర్తించినా శిక్ష వేయలేని సందర్భాలూ ఉన్నాయి. 1978లో లండన్‌లో బల్గేరియా రచయిత గియోర్గి మార్కోవ్ తొడలో రెండు మిల్లీమీటర్లు కూడా లేని లోహపు గుండును పోస్టుమార్టంలో కనుక్కున్నారు, చంపినవాడికి మాత్రం శిక్ష పడలేదు. 2006లో అదే నగరంలో అలెగ్జాండర్ లిట్వినెంకోను చంపిన పొలోనియం జాడను హోటళ్ళలో, విమానాల్లో సైతం పట్టుకున్నారు. చంపినవాళ్ళుగా ఇద్దరి పేర్లు 2016 నాటి ప్రభుత్వ విచారణ నివేదికలో ఉన్నాయి. రష్యా వాళ్ళను అప్పగించలేదు.

డీఎన్‌ఏ ఆధారంగా మొదట దొరికిన హంతకుడి కేసులోనే ఇదంతా కనిపిస్తుంది. లెస్టర్‌షైర్‌లో 1983లో, 1986లో ఇద్దరు పదిహేనేళ్ళ ఆడపిల్లల హత్య జరిగింది. రెండో హత్య చేశానని ఒప్పుకున్న 17 ఏళ్ళ కుర్రాణ్ణి జెఫ్రీస్ పరీక్ష నిర్దోషి అని తేల్చింది. అది లేకపోతే ఆ కుర్రాడు జైల్లో, హంతకుడు బయట. తర్వాత ఆ ప్రాంతంలో ఐదు వేల మందికి పైగా మగవాళ్ళ రక్తం తీసుకున్నారు. కోలిన్ పిచ్‌ఫోర్క్ తన బదులు తోటి ఉద్యోగిని పంపి ఆ వలను దాటేశాడు. ఆ ఉద్యోగి పబ్‌లో ఆ మాట చెప్పడం, విన్నవాళ్ళలో ఒకరు వెళ్ళి పోలీసులకు చెప్పడం వల్ల 1987లో దొరికాడు. పరీక్ష సరైనదే, తప్పు మనిషి రక్తం మీద జరిగిందంతే. విన్నది మనకెందుకులే అనుకోకుండా చెప్పిన ఆ ఒక్కరు లేకపోతే, చరిత్రలో మొదటి సామూహిక డీఎన్‌ఏ పరీక్షకు హంతకుడు చిక్కేవాడు కాదు.

కాబట్టి హంతకులకు మిగిలిన దారిని మూయాలంటే ల్యాబ్‌లో ఇంకా సున్నితమైన యంత్రం ఒక్కటే చాలదు. మరణ ధ్రువీకరణ పత్రం రాసే చోట రెండో కన్ను ఉండాలి. షిప్‌మన్ విచారణ 2003లోనే ఈ పద్ధతి మార్చాలని చెప్పింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అది చట్టబద్ధంగా అమల్లోకి వచ్చింది 2024 సెప్టెంబరు 9న. ఆ రోజు నుంచి కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) విచారణకు వెళ్ళని ప్రతి మరణాన్నీ, చికిత్సతో సంబంధం లేని ఒక మెడికల్ ఎగ్జామినర్ చూడాలి. డాక్టర్ రాసిన కారణాన్ని రికార్డులతో సరిచూడాలి. పోయిన మనిషి కుటుంబంతో మాట్లాడి, మీకేమైనా అనుమానం ఉందా అని అడగాలి.